మూడు ముద్దలు

బిర్యానీ అన్న మాట వీరబ్రహ్మం ఇంట్లో రెండు వారాలుగా తిట్టుమాట అయిపోయింది.

కూతురు పొద్దున్న ఐదు నిమిషాలు ఆలస్యంగా లేస్తే "ఏం, బిర్యానీ ఇంకా అరగలేదా" అంటాడు. కూరలో కారం ఎక్కువైతే బిర్యానీ, ఫోను ఛార్జింగు అయిపోతే బిర్యానీ. ఆ గురువారం పొద్దున కూడా దండెం మీద వల ఆరేస్తూ, వలతో చెబుతున్నట్టు మొదలుపెట్టాడు.

"బిర్యానీ తిని ఆరొందల గ్రాములు ఎక్కిందంట. తిన్నదానికి తక్కువే ఎక్కింది."

కూతురు వీరదుర్గ వాకిలి ఊడుస్తోంది. తెల్లవారాక అది మూడోసారి. ధవళేశ్వరం మొత్తంలో అంత శుభ్రమైన వాకిలి మరొకటి ఉండి ఉండదు. బెంగుళూరు నుంచి తిరిగొచ్చిన దగ్గర్నుంచీ ఆ పిల్లకి కాలు ఒకచోట నిలవడం లేదు. కడిగిన గిన్నెలు మళ్ళీ కడుగుతుంది. నిండిన బిందె ఒంపి మళ్ళీ నింపుతుంది. పెరటి తలుపు దాకా వెళ్ళి, ఎందుకు వెళ్ళిందో మరిచిపోయి వెనక్కి వస్తుంది.

ఒక్కసారి ఏడిస్తే బాగుండునని పెద్దింట్లమ్మకి అనిపిస్తోంది. ఏడ్చే పిల్లని ఓదార్చడం ఏ తల్లికైనా తెలుసు. ఊడ్చే పిల్లని ఏం చెయ్యాలో ఆవిడకి తెలియదు.

కూతురి ఆట పేరు పెద్దింట్లమ్మకి నోరు తిరగదు. మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్ అని దుర్గ వందసార్లు చెప్పింది. ఆవిడ మాత్రం బోను ఆట అనే అంటుంది. ఇనప కంచె కట్టి, ఇద్దరాడపిల్లల్ని లోపలికి పంపి గడియ పెడితే, దాన్ని బోననక ఇంకేమంటారు మరి.

యాభై రెండు కిలోల పోటీలో దిగవలసిన దుర్గ, తూకానికి ముందు రోజు సాయంత్రం ఆరొందల గ్రాములు ఎక్కువ తూగింది. వేడినీళ్ళలో కూర్చుని, రబ్బరు చొక్కా తొడుక్కుని పరిగెత్తి, చెమట కార్చి బరువైతే దించింది. బరువుతో పాటు బలమూ దిగిపోయింది. రెండో రౌండుకి కాళ్ళు తేలిపోయాయి. అవతలి పిల్ల వెనకనుంచి మెడ చుట్టూ చెయ్యి బిగించింది. దుర్గ అరచేత్తో నేల తట్టి, ఓడిపోయానని ఒప్పుకుంది.

బరువు ఎలా పెరిగిందని మాస్టారు అడిగితే, స్టేషన్‌లో రైలు ఆగినప్పుడు బిర్యానీ తిన్నానని చెప్పింది. గణేష్‌బాబు మాస్టారు ఇంకో మాట అడగలేదు. రాజమండ్రి తిరిగి రాగానే, నోరు కట్టుకోలేని పిల్ల నాకొద్దని టీములోంచి పేరు తీసేశారు.

"సోమవారం నుంచి భీమవరం రొయ్యల ఫ్యాక్టరీ," అన్నాడు వీరబ్రహ్మం, వల చివర ముడి వేస్తూ. "మాట్లాడేశాను. ఉండటానికి హాస్టలు కూడా ఇస్తారంట. ఆధార్ కార్డు అడిగారు. అది ఆ జిమ్ములోనే ఉండిపోయిందన్నావుగా. సాయంత్రం నేనే వెళ్ళి తెస్తాను."

"సరే నాన్నా."

కత్తిపీట ముందు కూర్చున్న పెద్దింట్లమ్మ చేతిలో చేప అలాగే ఆగిపోయింది. ఆరేళ్ళుగా ఈ ఆట గురించి తండ్రీకూతుళ్ళకి ఎన్ని యుద్ధాలో. మగపిల్లలతో కుస్తీ ఏంటని ఆయన, మగపిల్లలు నాతో పడలేక మానేశారు నాన్నా అని ఇది. అన్నం మానేసింది, అలిగింది, వాళ్ళ మాస్టారిని ఇంటికి తీసుకొచ్చి ఒప్పించింది. అలాంటి పిల్ల ఇవాళ రెండక్షరాలతో సరిపెట్టేసింది.

వీరబ్రహ్మానికి కూడా ఆ సరే మింగుడుపడలేదు. వల ముడి ఇంకోసారి లాగి బిగించాడు. తెడ్డు భుజాన వేసుకుని ఏటివైపు వెళ్ళిపోయాడు.

"సరే ఏంటే, సరే," అంది పెద్దింట్లమ్మ ఆయన వెళ్ళగానే. "ఒక్క మాట ఎదురు చెప్పవేం?"

"ఏం చెప్పమంటావ్?"

"నాకేం తెలుసు. తప్పు చేసింది నువ్వు. నేనేమైనా తక్కువ చేశానా? డబ్బా నిండా కట్టిచ్చానా? పూటపూటకీ ఫోనులో కళ్ళెదురుగా తినిపించానా? మూడు ముద్దలు కడుపులో పడితే నిన్నెవడూ ఏమీ చెయ్యలేడని చెప్పానా? అంతా చేస్తే, మధ్యలో ఆ పాడు బిర్యానీ మీదికి పోయింది నీ మనసు."

దుర్గ చీపురు గోడకి ఆనించింది. తల్లి మొహంలోకి ఒకసారి చూసింది. బట్టల బకెట్టు తీసుకుని రేవుకి వెళ్ళిపోయింది.

ఆ మూడు ముద్దల సంగతి వీరబ్రహ్మం వంశంలో తాతల నాటిది. ఇంట్లోంచి ఎవరు వేటకి వెళ్ళినా, ఇంటి ఇల్లాలు తన చేత్తో ఉప్పుచేప పులుసు కలిపి మూడు ముద్దలు నోట్లో పెట్టాలి. ఇంటి ఉప్పు తిన్నవాణ్ణి సముద్రపు ఉప్పు తినదని వాళ్ళ నమ్మకం. వీరబ్రహ్మం అన్న వీరబాబు, పద్దెనిమిదేళ్ళ కిందట, పెళ్ళాం లోవమ్మతో మాటామాటా అనుకుని, పళ్ళెం తోసేసి అంతర్వేది దగ్గర పడవెక్కాడు. పడవ తిరిగొచ్చింది. వీరబాబు రాలేదు. ఆ ఏడే వీళ్ళు సముద్రం వదిలేసి ధవళేశ్వరం వచ్చి, గోదావరి మీద పడ్డారు.

అప్పట్నుంచీ పెద్దింట్లమ్మ ఆ ముద్ద ఎవరికీ తప్పించలేదు. దుర్గ పోటీకి వెళ్ళడం వేటకి వెళ్ళడం కాదని ఎవరైనా అంటే ఆవిడ ఊరుకోదు. బోనులోకి వెళ్ళి తిరిగి రావాలా వద్దా, అని అడుగుతుంది.

* * *

పదకొండు గంటలకి హారతి వచ్చింది. రావులపాలెం అరటితోటల వాళ్ళ అమ్మాయి. జిమ్ములో దుర్గకి జోడీ. బెంగుళూరుకి కూడా కలిసే వెళ్ళారు. ఒక చేతిలో చక్రకేళి అరటిపళ్ళ అత్తం, ఇంకో చేతిలో దుర్గ జిమ్ములో వదిలేసిన గ్లవ్స్ సంచీ.

"అక్క లేదాండి, ఆంటీ?"

"రేవుకెళ్ళింది. వచ్చేస్తుంది కూర్చో అమ్మా."

హారతి పీట మీద అంచున కూర్చుంది. "వచ్చే నెల విశాఖలో పోటీలండి. ఇవాళ ఐదింటికి సార్ పేర్లు పంపించేస్తారు. యాభై రెండు కిలోల్లో ఇంకా ఎవరి పేరూ రాయలేదండి. అక్క వచ్చి ఒక్కసారి అడిగితే..."

"ఏ మొహం పెట్టుకుని అడుగుతుంది," అంది పెద్దింట్లమ్మ, చేప పొలుసు గీకుతూ. "అయినా నిన్ను అనాలి. పక్కనే ఉన్నావు కదా. తినేటప్పుడు చెయ్యి పట్టుకుని ఆపొద్దా?"

"ఏం తినేటప్పుడండి?"

"బిర్యానీ."

హారతి తెల్లబోయింది. "అక్క బిర్యానీ ఎక్కడ తిందండి? రైల్లో నా పక్క బెర్తే. రూములోనూ మేమిద్దరమే. బయటిది ఒక్క మెతుకు కూడా..."

మాట మధ్యలో తెంపేసి, గ్లవ్స్ సంచీ తాళ్ళు విప్పి మళ్ళీ కట్టడం మొదలుపెట్టింది. చెప్పకూడని చోట చెప్పకూడని మాట చెప్పానని ఆ పిల్లకి అప్పటికి తెలిసింది. పెద్దింట్లమ్మకీ తెలిసింది. చేపల బజారులో పాతికేళ్ళు కూర్చున్న మనిషి. ఎదుటివాళ్ళ నోట్లోంచి మాట రాబట్టాలంటే గొంతు పెంచకూడదని ఆవిడకి తెలుసు. పొలుసు గీకడం ఆపలేదు.

"మరేం తినేది అమ్మా, అన్ని పూటలూ?"

"మీరు పంపిన డబ్బానే కదండి. మీరు ఫోన్లో చూస్తుండగా తినేది. తిన్నాక ఒకటే దాహం. నీళ్ళు తాగకుండా ఉండలేకపోయేదండి, పాపం."

"ఉప్పుచేప తింటే బరువెక్కుతారా?"

"చేపకి కాదండి, ఉప్పుకి. ఉప్పు ఒంట్లో నీళ్ళని పట్టుకుని కూర్చుంటుందండి. అందుకే వారం ముందునుంచీ సార్ అందరికీ చప్పిడి తిండి పెట్టిస్తారు." హారతి తలెత్తి ఆవిడ మొహం చూసింది. "ఆంటీ, నేను చెప్పానని అక్కతో అనకండి. నా చేత ఒట్టు వేయించుకుందండి."

హారతి లేచి నిలబడింది. మంచినీళ్ళు కూడా తాగకుండా, బస్సు టైమయిందని చెప్పి వెళ్ళిపోయింది.

పెద్దింట్లమ్మ చేతులు అప్పుడు ఆగాయి.

చిన్నప్పట్నుంచీ ఉప్పుతోనే బతికింది. చేపకి ఉప్పు పట్టిస్తే తెల్లారేసరికి నీరంతా కారిపోయి చేప గట్టిపడుతుంది. ఉప్పంటే నీటిని తరిమేదనే ఆవిడకి తెలుసు. బతికున్న మనిషి ఒంట్లో అది తిరగబడి, అదే నీటిని పట్టుకుంటుందని ఎవరూ చెప్పలేదు. చెప్పవలసిన పిల్ల చెప్పలేదు.

ఫోను గోడకి ఆనించుకుని దుర్గ తినడం గుర్తొచ్చింది. "ఇంకో ముద్ద," అని తనే అంది. "పెద్ద ముద్ద," అని కూడా అంది. నవ్వుతూ తిందది.

ఆ తరవాత రెండు వారాలు, రోజుకి పదిసార్లు, నోరు కట్టుకోలేవా అని తనే తిట్టింది.

* * *

దుర్గ బకెట్టుతో వచ్చేసరికి తల్లి గుమ్మంలో నిలబడి ఉంది. పక్కన గ్లవ్స్ సంచీ. అది చూడగానే దుర్గకి అంతా అర్థమైంది.

"హారతి వచ్చిందా."

"ఎందుకు చెప్పలేదే నాకు?"

దుర్గ బకెట్టు దించి, బట్టలు దులిపి దండెం మీద వెయ్యసాగింది. తండ్రి లుంగీ, తల్లి చీర. ఒకటొకటీ అంచులు సరిచేసి మరీ వేస్తోంది.

"నిన్నేనే అడుగుతున్నది. ఉప్పు తినకూడదని ఒక్క మాట చెబితే నీ సొమ్మేం పోయేది?"

"చెబితే ముద్ద తినకుండా పంపేదానివా?"

పెద్దింట్లమ్మ గ్లవ్స్ సంచీ గోడ వారగా జరిపింది.

"పంపవు. పెదనాన్న సంగతి ఎత్తుతావు. గుమ్మానికి అడ్డం పడుకుంటావు. రెండేళ్ళ కిందట కాకినాడ వెళ్ళేటప్పుడు పడుకున్నావు కదా. మూడు ముద్దలకి ఏమవుతుందిలే అనుకున్నాను. నువ్వు డబ్బా కూడా కడతావని, ఫోనులో కూర్చుంటావని నాకేం తెలుసు."

"పారేయొచ్చుగా."

"నువ్వు చూస్తున్నావు." దుర్గ చీరకి క్లిప్పు పెట్టింది. "నీ మొహం చూస్తే పారేయబుద్ధి కాలేదు."

"మీ మాస్టారికైనా చెప్పలేకపోయావా?"

"అమ్మ మాట కాదనలేక ఓడిపోయానని చెప్పనా? నవ్వరా అందరూ? అయినా నీ వల్ల కాదమ్మా. అలసిపోయినా మెడ కాచుకోవాలి, అది మొదటిరోజే నేర్పారు. నేను వదిలేశాను. ఆ ఓటమి నాది. అదొక్కటైనా నాకు ఉండనియ్యి."

"ఓటమి నీదైతే నీ దగ్గరే పెట్టుకో. అబద్ధం నాకోసం ఆడావు. అది మాత్రం నాకిచ్చెయ్యి. వెళ్ళి నేను చెబుతాను."

దుర్గ మొదటిసారి గొంతు పెంచింది. "నువ్వు వెళ్ళవు. వెళ్తే నీతో ఈ జన్మలో మాట్లాడను."

పెద్దింట్లమ్మ తరిగిన చేపల మీద పళ్ళెం బోర్లించింది. చేతులు కడుక్కుంది. ఆవిడకి కూడా ఇంట్లో నిలబడటం చేతకావడం లేదు. వంటింట్లోకి వెళ్ళింది, వాకిట్లోకి వచ్చింది, మళ్ళీ వంటింట్లోకి వెళ్ళింది. మూడున్నరకి కూతురు పెరట్లో ఉన్న టైము చూసి, రోడ్డెక్కి రాజమండ్రి ఆటో ఆపింది.

* * *

మోటారు సామాన్ల కొట్టు మీద మేడ ఆ జిమ్ము. ఆరేళ్ళలో పెద్దింట్లమ్మ అక్కడికి రావడం అదే మొదలు. చెప్పులు కింద మెట్టు దగ్గరే విడిచి పైకి వచ్చింది. హాలు మధ్యలో బోను ఉంది. ఆవిడ అనుకున్నంత భయంకరంగా లేదు. నేల మీద మెత్తటి పరుపులు, కంచెకి ఆరేసిన తువ్వాళ్ళు.

గణేష్‌బాబు బల్ల దగ్గర కాగితాలు సర్దుకుంటున్నారు. ముందు ఆధార్ కార్డులు వరసగా పరిచి ఉన్నాయి. ఒకటి మాత్రం ఓ పక్కన విడిగా ఉంది. దాని మీద దుర్గ మొహం.

"మాస్టారూ, నేను వీరదుర్గ అమ్మనండి."

"రండమ్మా. కూర్చోండి."

ఆవిడ కూర్చోలేదు. ఆటోలో దారి పొడుగునా అనుకున్నదంతా ఒక్క ఊపున చెప్పేసింది. మూడు ముద్దలు, డబ్బా, ఫోను. బిర్యానీ లేనే లేదని. బావగారు వీరబాబు ఎలా పోయాడో, తను ఎందుకు అలా పెట్టిందో కూడా చెప్పింది.

"దాని తప్పేం లేదండి. పేరు రాయండి."

గణేష్‌బాబు కలం బల్ల మీద పెట్టారు. "అయితే నాతో అబద్ధం చెప్పింది."

"ఆయ్. నన్ను కాయడానికండి."

"ఎవర్ని కాయడానికైనా, తూకం దగ్గర నాకు నిజం తెలియాలమ్మా. ఏం తిందో, ఎన్ని నీళ్ళు తాగిందో తెలియకుండా ఆ పిల్లని చెమట కార్పించాను. అదృష్టం బాగుండి ఓడిపోయి ఊరుకుంది. గుండె ఆగిపోయే పని అది. బిర్యానీ తిన్న పిల్లనైనా క్షమిస్తాను గానీ, దాచిన పిల్లని లోపలికి పంపడానికి నాకు భయం."

పెద్దింట్లమ్మ బల్ల అంచు పట్టుకుంది. తాను దేన్నుంచి కాచుకుంటున్నానని మూడు ముద్దలు పెట్టిందో, దాని నోటి దాకా తనే పిల్లని తోసి వచ్చిందన్నమాట.

గణేష్‌బాబు ఫోను తీసి, దుర్గకి కలిపి, స్పీకరు పెట్టారు.

"దుర్గా, ఒకటే అడుగుతాను. బెంగుళూరులో ఏం తిన్నావు?"

అటునుంచి దుర్గ గొంతు వచ్చింది.

"బిర్యానీ సార్. చెప్పాను కదండి."

"మీ అమ్మగారు ఇక్కడే ఉన్నారు."

"మా అమ్మకేం తెలీదు సార్. నన్ను వెనకేసుకొస్తోంది."

ఆయన పెద్దింట్లమ్మ వైపు చూశారు. గడియారంలో ఐదుకి పది నిమిషాలు.

"మీరిద్దరూ చెరో మాట చెబితే నేను ఎవర్ని నమ్మనమ్మా? నాకు రెండు మాటలు కావాలి. ఇంకోసారి దాచనని తను చెప్పాలి. ఇంకోసారి పెట్టనని మీరు చెప్పాలి. విశాఖ బయల్దేరే రోజు కూడా. ఒక్క ముద్ద కూడా."

పెద్దింట్లమ్మ ఫోను మీదికి వంగింది. "దుర్గా. నేను వింటున్నాను. నిజం చెప్పెయ్యి తల్లీ."

"నిజం చెబితే," అంది దుర్గ. ఇప్పుడా గొంతు మాస్టారితో మాట్లాడే గొంతు కాదు. జ్వరం వచ్చినప్పుడు రాత్రుళ్ళు పిలిచే గొంతు. "నిజం చెబితే ఈసారి వెళ్ళేటప్పుడు నాకు ముద్ద పెడతావా, పెట్టవా?"

పెద్దింట్లమ్మకి వీరబాబు తోసేసిన పళ్ళెం కనబడింది. అది తీసి కడిగింది తనే. ఉప్పుచేప ముక్క దాని అంచున అలాగే అంటుకుని ఉంది. పద్దెనిమిదేళ్ళలో ఆ ఇంటి గుమ్మం దాటిన ఏ మనిషినీ తాను ఉత్త కడుపుతో పంపలేదు. పెట్టకపోతే ఏమవుతుందో కళ్ళారా చూసింది. పెడితే ఏమయిందో ఇవాళ చెవులారా విన్నది.

"పెట్టను," అంది.

ఫోనులో దుర్గ ముక్కు ఎగబీల్చిన చప్పుడు. రెండు వారాలకి ఆ పిల్ల ఏడుస్తోంది.

"మా అమ్మే పెట్టింది సార్. కాదనలేక తిన్నాను. ఇంకోసారి దాచను."

గణేష్‌బాబు కలం అందుకున్నారు. విడిగా ఉన్న ఆధార్ కార్డు ముందుకి జరుపుకున్నారు.

"ఎవరికే పెట్టవు?"

వెనకనుంచి వచ్చింది ఆ మాట. మెట్ల గుమ్మంలో వీరబ్రహ్మం. ఆధార్ కార్డు కోసం వచ్చినవాడు, ఎంతసేపట్నుంచి నిలబడ్డాడో తెలియదు. తడి లుంగీ ఇంకా మార్చుకోలేదు.

"నాన్నా?" అంది ఫోను.

ఆయన ఫోను వైపు చూడలేదు. బల్ల దగ్గరికి వచ్చాడు. "మా అన్న తిననిది ఆ ఒక్క పూటేనే. అది తెలిసి కూడా నా కూతురికి పెట్టనంటున్నావా? మళ్ళీ చెప్పు."

"నేను పెట్టిన ముద్దే దాని ప్రాణం మీదికి తెచ్చిందయ్యా. బిర్యానీ కాదు. నువ్వూ నేనూ కలిసి రెండు వారాలు దాన్ని..."

"అదంతా విన్నాను." వీరబ్రహ్మం తల అడ్డంగా ఊపాడు. "నాకు పోటీ వద్దు. ముద్ద తినకుండా వెళ్ళడం అసలే వద్దు. రొయ్యల ఫ్యాక్టరీకి ఎవరూ బోనులో దిగక్కర్లేదు."

చెయ్యి చాపి కార్డు మీద అరచెయ్యి ఆనించాడు. గణేష్‌బాబు కలం ఎత్తి పట్టుకుని ఆగిపోయారు.

పెళ్ళయి పాతికేళ్ళయినా, నలుగురిలో భర్త చెయ్యి పట్టుకోవడం పెద్దింట్లమ్మ ఎరగదు. ఇప్పుడు ఆయన చేతి మీద తన చెయ్యి పెట్టి, గట్టిగా అదిమి పట్టింది.

"పెట్టను," అంది మళ్ళీ, ఈసారి ఆయన కళ్ళలోకి చూస్తూ. "చెయ్యి తియ్యి."

ఆయన తియ్యలేదు. ఐదుకి ఇంకా నాలుగు నిమిషాలున్నాయి.